విండో మేనేజర్ సెట్టింగుల వివరణ అర్థం కానప్పుడు దాన్ని ఎలా చదవాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు విషయం ఇది. మీరు ఐ3 అనే విండో మేనేజర్ (తెర మీద విండోలను ఎక్కడ పెట్టాలో, ఏది ముందుండాలో చూసే ప్రోగ్రామ్) వాడుతున్నారు. టెర్మినల్‌లో టైపు చేస్తూ ఉండగా వెనుక నడుస్తున్న ఏదో ప్రోగ్రామ్ కొత్త విండో తెరుస్తుంది, ఫోకస్ దానికి వెళ్ళిపోతుంది, మీరు కొడుతున్న అక్షరాలు సగం అందులో పడతాయి. యూజర్ గైడ్ చదివి 'ఫోకస్ ఆన్ విండో యాక్టివేషన్' అనే సెట్టింగ్‌కు 'నన్' అనే విలువ ఇచ్చారు, 'ఫోకస్ ఫాలోస్ మౌస్'ను 'నో' చేశారు, అయినా ఏమీ మారలేదు. ఒక్కొక్క సెట్టింగ్‌కు రెండు మూడు వాక్యాలే ఉన్నాయనీ, ఎన్నిసార్లు చదివినా అవి దేని గురించి మాట్లాడుతున్నాయో తెలియడం లేదనీ రాశారు. ముందు మీ ఇబ్బందికి జవాబు చెప్పి, తరువాత ఇటువంటి డాక్యుమెంటేషన్‌ను చదివే పద్ధతికి వస్తాను. సెట్టింగుల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో, పదాల మధ్య ఖాళీ ఉంచి రాస్తున్నాను. ఫైల్‌లో అవి అండర్‌స్కోర్‌తో కలిసి ఉంటాయి.

మీరు మార్చిన సెట్టింగ్ కొత్త విండోల గురించి కాదు. యాక్టివేషన్ అంటే, ఇప్పటికే తెరిచి ఉన్న ఒక విండో తనను ముందుకు తెమ్మని విండో మేనేజర్‌ను అడగడం. బ్రౌజర్ వేరే వర్క్‌స్పేస్‌లో, అంటే ఇప్పుడు తెర మీద లేని మరో విండోల సమూహంలో, ఉండగా మీరు మెయిల్‌లోని లింకును నొక్కారనుకోండి. ఆ పేజీని తెరిచిన బ్రౌజర్ విండో అటువంటి విన్నపమే పంపుతుంది. ఆ విన్నపం అందినప్పుడు ఐ3 ఏం చేయాలో చెప్పడమే ఈ సెట్టింగ్ పని. డీఫాల్ట్ విలువ 'స్మార్ట్' ప్రకారం, అడిగిన విండో కళ్ళెదుట ఉన్న వర్క్‌స్పేస్‌లో ఉంటే ఫోకస్ ఇస్తుంది, లేకపోతే 'అర్జెంట్' అని గుర్తు పెట్టి ఊరుకుంటుంది. 'నన్' అంటే ఆ రెండూ చేయదు. కొత్త విండో విషయంలో అయితే విన్నపం అవసరమే లేదు, ఎందుకంటే కొత్తగా తెరుచుకున్న విండోకు ఫోకస్ ఇవ్వడం ఐ3 తనంతట తాను చేసే పని. దాన్ని ఆపడానికి ఉన్నది 'నో ఫోకస్' అనే వేరొక ఆదేశం. దాని పక్కన చదరపు బ్రాకెట్లలో ఏ విండోకు వర్తించాలో రాయాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఖాళీగా ఉన్న వర్క్‌స్పేస్‌లో తెరుచుకునే మొదటి విండోకు 'నో ఫోకస్' వర్తించదు. గైడ్‌లో ఈ సంగతి ఉంది, కానీ పేరా చివర ఒక్క వాక్యంగా ఉంది. చాలామంది ఈ ఆదేశాన్ని రాసి, పని చేస్తుందో లేదో చూడడానికి ఖాళీ వర్క్‌స్పేస్‌కు వెళ్ళి అక్కడ ఆ ప్రోగ్రామ్‌ను తెరిచి, ఫోకస్ వచ్చేసరికి ఆదేశమే తప్పని తీసేస్తారు. మీరు మొదట దీన్ని ప్రయత్నించి వదిలేశారని కూడా రాశారు కాబట్టి, జరిగింది ఇదే అయి ఉండవచ్చని నా అనుమానం.

ఇక అసలు విషయానికి వస్తే, విండో మేనేజర్ డాక్యుమెంటేషన్ అస్పష్టంగా కనిపించడానికి ముఖ్య కారణం భాషలో లోపం కాదని నా అభిప్రాయం. మనం ఫలితం కోసం వెతుకుతూ చదువుతాము: 'నా టైపింగ్‌కు అడ్డు రాకూడదు' అన్నది మన మనసులో ఉన్న వాక్యం. రాసినవారు మాత్రం సంఘటనను దృష్టిలో పెట్టుకుని రాస్తారు: ఒక విండో తెర మీదకు వచ్చింది, ఒక విండో పేరు మార్చుకుంది, పాయింటర్ ఒక విండో సరిహద్దు దాటింది, ఒక విండో యాక్టివేషన్ కోరింది. ప్రతి సెట్టింగ్ ఇటువంటి ఒకానొక సంఘటనకు ఇచ్చే జవాబు. మనకు ఒక్కటిగా కనిపించే ఫలితం వెనుక మూడు నాలుగు వేర్వేరు సంఘటనలు ఉంటాయి, వాటికి మూడు నాలుగు వేర్వేరు సెట్టింగులు ఉంటాయి. అందుచేత ఒక సెట్టింగ్ వివరణ చదివేటప్పుడు 'ఇది ఏం చేస్తుంది' అని కాకుండా, 'ఏం జరిగినప్పుడు ఇది పనిలోకి వస్తుంది, ఏ విండోకు వర్తిస్తుంది, నేను ఏమీ రాయకపోతే ఏం జరుగుతుంది' అని అడగండి. ఈ మూడింటిలో దేనికి జవాబు దొరకలేదో గుర్తించగలిగితే, వివరణలో లోపించినదేమిటో మీకు కచ్చితంగా తెలిసినట్టే.

ఆ సంఘటనల పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. విండోలను చూపే వ్యవస్థగా 1987లో వచ్చిన ఎక్స్11లో విండోలను గీసే సర్వర్ వేరు, వాటిని ఎక్కడ పెట్టాలో నిర్ణయించే విండో మేనేజర్ వేరు. అప్లికేషన్లకూ విండో మేనేజర్‌కూ మధ్య మర్యాదలను ఐసీసీసీఎం అనే పత్రం నిర్దేశించింది. ఆధునిక డెస్క్‌టాప్‌లకు కావలసినవి ఈడబ్ల్యుఎంహెచ్ అనే మరో పత్రంలో చేరాయి. 'మ్యాప్' (విండో తెర మీదకు రావడం), 'అర్జెంట్', 'క్లాస్', 'యాక్టివేషన్' వంటి మాటలు ఆ ఒప్పందాలవి. రాసేవారు ప్రతిరోజూ వాటి మధ్యనే పని చేస్తారు కాబట్టి వాటికి వివరణ అవసరమని వారికి తోచదు. ఉదాహరణకు, యాక్టివేషన్ విన్నపంలో అది ఎవరి నుంచి వచ్చిందో చెప్పే ఒక అంకె ఉంటుంది: 1 అంటే అప్లికేషన్ స్వయంగా అడిగింది, 2 అంటే టాస్క్‌బార్ లేదా పేజర్ (వర్క్‌స్పేస్‌ల మధ్య మారడానికి వాడే ప్రోగ్రామ్) వంటిది వాడుకరి తరఫున అడిగింది. ఐ3 ఈ అంకె 2 అయితే మీ సెట్టింగ్‌ను చూడకుండానే ఫోకస్ ఇస్తుంది, ఎందుకంటే అది మీరు స్వయంగా చేసిన పని అయి ఉంటుందని దాని ఊహ. 'నన్' పెట్టిన తరువాత కూడా కొన్ని స్క్రిప్టులు విండోను ముందుకు తేగలగడానికి కారణం ఇదే.

ఒకే పేరు ఉన్న సెట్టింగ్ రెండు చోట్ల ఒకేలా ఉంటుందని కూడా అనుకోకండి. ఐ3 పద్ధతినే వేలాండ్ (ఎక్స్11 స్థానంలో వస్తున్న కొత్త వ్యవస్థ) మీద అనుసరించే స్వే అనే విండో మేనేజర్‌లో 'ఫోకస్ ఆన్ విండో యాక్టివేషన్' అనే సెట్టింగ్ అదే పేరుతో, అవే విలువలతో ఉంది; కానీ దాని డీఫాల్ట్ 'స్మార్ట్' కాదు, 'అర్జెంట్'. ప్రోగ్రామ్‌లను నడపమని చెప్పే 'ఎగ్జెక్ ఆల్వేస్' విషయం ఇంకా చిక్కు. ఐ3లో ఆ ఆదేశం ఐ3ను ఉన్నచోటే రీస్టార్ట్ చేసినప్పుడు మళ్ళీ నడుస్తుంది, కాన్ఫిగరేషన్‌ను రీలోడ్ చేసినప్పుడు నడవదు. స్వేలో రీలోడ్ చేసినప్పుడే మళ్ళీ నడుస్తుంది. ఒకదాని వివరణ చదివి రెండోదానిలో వాడినవారికి ప్యానెల్ ఒకటికి రెండుసార్లు తెరుచుకోవడమో, అసలు మారకపోవడమో ఎదురవుతుంది. ఇక్కడ 'ఎల్లప్పుడూ' అన్న మాట ఏమీ చెప్పడం లేదు; ఏ సంఘటన జరిగిన ప్రతిసారీ అన్నదే ప్రశ్న.

ఏ విండోకు వర్తిస్తుంది అన్న రెండో ప్రశ్న దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే 'నా నియమం పని చేయడం లేదు' అనే ఫిర్యాదులలో అధిక భాగం నేను చూసినంతలో ఇక్కడే తేలుతాయి. టెర్మినల్‌లో ఎక్స్‌ప్రాప్ అని కొట్టండి. పాయింటర్ ప్లస్ గుర్తులా మారుతుంది. మీకు కావలసిన విండో మీద క్లిక్ చేయండి. వచ్చే పంక్తులలో 'డబ్ల్యుఎం క్లాస్' అనే పంక్తిలో కోట్స్‌లో రెండు పేర్లు ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ విండో మీద క్లిక్ చేస్తే మొదటిది నావిగేటర్, రెండోది ఫైర్‌ఫాక్స్ అని కనిపిస్తుంది. వీటిలో మొదటిది ఇన్‌స్టెన్స్, రెండోది క్లాస్. పంక్తి పేరు క్లాస్ అని ఉండడం వల్ల మొదట కనిపించిన పేరునే క్లాస్ అనుకుని ఫైల్‌లో రాయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. డీడబ్ల్యుఎం అనే మరో విండో మేనేజర్ రచయితలు ఈ క్రమాన్ని కాన్ఫిగరేషన్ ఫైల్‌లోనే, నియమాలకు సరిగ్గా పైన, ఒక వ్యాఖ్యగా రాసి పెట్టారు. ఆ చిన్న వ్యాఖ్య ఎన్నో పేజీల వివరణ కంటే ఉపయోగకరమైనదని నేను నమ్ముతాను. ఎక్స్‌మొనాడ్ అనే ఇంకో విండో మేనేజర్‌లో ఇదే ఇన్‌స్టెన్స్‌ను 'రిసోర్స్' అంటారు. స్వేలో వేలాండ్ విండోలకు క్లాస్ అన్నదే లేదు, దాని స్థానంలో 'యాప్ ఐడీ' ఉంటుంది. ఎక్స్‌ప్రాప్‌కు కూడా ఆ విండోలు కనిపించవు, స్వే తన విండోల చెట్టును చూపే ఆదేశంలోనే ఆ పేరును వెతకాలి.

పేరు దొరికిన తరువాత దాన్ని ఎలా పోలుస్తారన్నది మిగులుతుంది. ఐ3లో కోట్స్ మధ్య రాసేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే పేరు ఎలా ఉండాలో చెప్పే నమూనా. అది పేరులో ఎక్కడ సరిపోయినా చాలు, పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడా మాత్రం పట్టించుకుంటుంది. అందుచేత ఎక్స్‌టర్మ్ కోసం రాసిన నియమం యుఎక్స్‌టర్మ్ విండోలను కూడా పట్టుకుంటుంది. అచ్చంగా ఆ పేరే కావాలంటే మొదట్లో క్యారెట్ గుర్తు, చివర డాలర్ గుర్తు పెట్టాలి. డీడబ్ల్యుఎంలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లేదు, కానీ అక్కడ కూడా పేరులో ఒక ముక్క కలిస్తే చాలు.

సమయం గురించిన ఒక అనుభవం చెబుతాను. పాటలు వినిపించే ఒక అప్లికేషన్‌ను తొమ్మిదో వర్క్‌స్పేస్‌కు పంపడానికి నేను 'అసైన్' నియమం రాశాను. ఎక్స్‌ప్రాప్ చూపిన క్లాస్‌నే అక్షరం పొల్లుపోకుండా రాశాను, అయినా విండో నేనున్న చోటే తెరుచుకునేది. రెండు సాయంత్రాలు నియమాన్ని పదిరకాలుగా తిరగరాశాను. చివరికి ఐ3 పంపే సంఘటనలను ఒక టెర్మినల్‌లో వరుసగా ముద్రించే ఆదేశాన్ని నడిపి చూస్తే, కొత్త విండో వచ్చినట్టు చెప్పిన పంక్తిలో క్లాస్ స్థానం ఖాళీగా ఉంది. ఆ అప్లికేషన్ ముందు తెర మీదకు వచ్చి, తరువాత తన పేరు చెప్పుకుంటోంది. నేను క్లిక్ చేసే వేళకు పేరు ఉంటుంది కాబట్టి ఎక్స్‌ప్రాప్ దాన్ని చూపింది. అసైన్ మాత్రం విండో తెర మీదకు వచ్చిన క్షణంలోనే పోల్చి చూస్తుంది. అదే నియమాన్ని 'ఫర్ విండో'గా మార్చాను. అది పేరు మారినప్పుడు కూడా మళ్ళీ పోల్చి చూస్తుంది కాబట్టి వెంటనే పని చేసింది. గైడ్‌లో ఈ తేడా గురించి హెచ్చరిక ఉంది. నేను దాన్ని అప్పటికే రెండుసార్లు చదివాను, కానీ 'మ్యాప్' అన్న మాటను ఒక క్షణంగా కాక ఒక స్థితిగా అర్థం చేసుకున్నందువల్ల అది నాకు తగలలేదు.

ఈ సమయపు తేడాను అందరికంటే నిజాయితీగా పైకి చూపించింది కేడీఈ డెస్క్‌టాప్ విండో మేనేజర్ కేవిన్ అని చెప్పాలి. దాని విండో నియమాలలో ప్రతి లక్షణం పక్కన 'మొదట మాత్రమే వర్తించు', 'గుర్తుంచుకో', 'నిర్బంధించు' అన్న అర్థం వచ్చే ఎంపికలు ఉంటాయి. మొదటిది విండో పుట్టినప్పుడు ఒక్కసారి పని చేసి వదిలేస్తుంది. చివరిది మీరు చేత్తో మార్చబోయినా మార్చనివ్వదు. ఇతర విండో మేనేజర్ల డాక్యుమెంటేషన్‌లో ఒక సెట్టింగ్ ఈ మూడింటిలో ఏ రకమో చెప్పి ఉండకపోవచ్చు, కానీ అది ఏదో ఒక రకమే అయి ఉంటుంది.

మాటల అర్థమే పక్కదారి పట్టించే చోట్లు కూడా ఉన్నాయి. 'హారిజాంటల్ స్ప్లిట్' అంటే ఐ3లో విండోలు పక్కపక్కన చేరతాయి, ఎందుకంటే అక్కడ ఆ మాట విండోలు పేర్చబడే దిశను చెబుతుంది. విమ్ అనే ఎడిటర్‌లో అదే మాటకు ఒకదాని కింద ఒకటి అని అర్థం, ఎందుకంటే అక్కడ అది మధ్యలో గీసే గీతను చెబుతుంది. ఈమాక్స్ అనే మరో ఎడిటర్ 24వ సంస్కరణలో ఆ పాత పేర్లను పక్కకు పెట్టి 'కింద', 'కుడి' అన్న పేర్లు తెచ్చారు. అది సరైన నిర్ణయం. ఇటువంటి మాట ఎదురైనప్పుడు నిఘంటువు అర్థంతో తర్కించవద్దు, రెండు టెర్మినళ్ళు తెరిచి చూడండి.

చూడడం అన్నాను కాబట్టి ప్రయోగం సంగతి. రోజూ పని చేసుకునే డెస్క్‌టాప్ మీద సెట్టింగులు మారుస్తూ పోతే మీకు ఏది దేనివల్ల జరిగిందో తెలియదు. జెఫిర్ అనే ప్రోగ్రామ్ ఒక విండో లోపలే మరో ఎక్స్ సర్వర్‌ను నడుపుతుంది. దానికి 1 అనే డిస్‌ప్లే సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యను డిస్‌ప్లే అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి, పది పంక్తులకు మించని వేరొక కాన్ఫిగరేషన్ ఫైల్‌తో ఐ3ను అందులో తెరవండి. షార్ట్‌కట్ కీలను బయటి ఐ3 మింగేస్తూ ఉంటే కంట్రోల్, షిఫ్ట్ కలిపి నొక్కండి. కీబోర్డ్ లోపలి విండోకు కట్టుబడుతుంది, మళ్ళీ నొక్కితే విడుదల అవుతుంది. ఆ చిన్న ఫైల్‌లో ఒక్క సెట్టింగ్‌ను మాత్రమే మార్చి, దాని ప్రతి విలువకూ ఏం జరుగుతుందో చూడండి. పది నిమిషాలలో తెలిసేది గంటసేపు చదివినా తెలియకపోవచ్చు.

దానికంటే ముందు, మీరు మార్చిన ఫైల్‌నే ఐ3 చదువుతోందో లేదో నిర్ధారించుకోండి. అది కాన్ఫిగరేషన్ ఫైల్‌ను ఒకటికి మించిన చోట్ల వరుసగా వెతికి, మొదట దొరికినదాన్ని తీసుకుంటుంది. 'మోర్ వర్షన్' అనే ఆప్షన్ ఇస్తే నడుస్తున్న ఐ3 ఏ సంస్కరణో, ఏ ఫైల్‌ను లోడ్ చేసిందో చెబుతుంది. పెద్దబడి సి ఆప్షన్ ఇస్తే ఫైల్‌లో తప్పులున్నాయేమో పరీక్షించి ఆగిపోతుంది. వెబ్‌లో ఉన్న గైడ్ సాధారణంగా తాజా సంస్కరణది, మీ యంత్రంలో ఉన్నది పాతది కావచ్చు. కాబట్టి ఒక సెట్టింగ్‌ను అసలు గుర్తించడమే లేదంటే మీ యంత్రంలోనే ఉండే సహాయ పత్రం, మ్యాన్ పేజీని చూడండి. గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవారికి ఈ శ్రమ తక్కువ: జీసెట్టింగ్స్ ఆదేశంలో 'రేంజ్' అని అడిగితే అనుమతించిన విలువలు, 'డిస్క్రైబ్' అని అడిగితే వాటి అర్థం వస్తాయి. అక్కడి 'ఫోకస్ మోడ్'లో స్లాపీకీ మౌస్‌కూ తేడా నాకు ఆ ఒక్క వాక్యంతోనే తెలిసింది: పాయింటర్ విండోను విడిచి ఖాళీ స్థలానికి వెళ్ళినప్పుడు స్లాపీలో ఫోకస్ నిలిచి ఉంటుంది, మౌస్‌లో పోతుంది.

గైడ్, మ్యాన్ పేజీ, ప్రయోగం మూడూ చాలకపోతే సోర్స్ కోడ్ దగ్గరకు వెళ్ళడానికి వెనుకాడకండి. డీడబ్ల్యుఎం మొత్తం రెండు వేల పంక్తుల లోపే ఉంచాలన్నది దాని రచయితలు పెట్టుకున్న హద్దు, కాబట్టి సీ భాష కొద్దిగా తెలిసినా చదవగలరు. ఐ3 కోడ్ పెద్దది, కానీ దానితో పాటు పరీక్షా ఫైళ్ళ ఫోల్డర్ ఒకటి ఉంది, 'నో ఫోకస్' పేరుతోనే అందులో ఒక ఫైల్ దొరుకుతుంది. పరీక్షలో ఒక విండో తెరుస్తారు, రెండోది తెరుస్తారు, ఫోకస్ ఎవరి దగ్గర ఉండాలో రాస్తారు. అస్పష్టతకు అందులో తావు లేదు. ఉంటే ఆ పరీక్ష నడవదు. నా దృష్టిలో అస్పష్టమైన వాక్యానికి అంతకంటే మంచి వ్యాఖ్యానం మరొకటి లేదు.

ఇప్పుడు మీ సంగతి. విండో సంఘటనలను ముద్రించే ఆదేశాన్ని ఒక టెర్మినల్‌లో నడుపుతూ ఉంచండి. ఐ3 మెసేజ్ ఆదేశానికి 'సబ్‌స్క్రైబ్' రకం ఇచ్చి, ఎం ఆప్షన్ చేర్చి, విండో అని అడిగితే అది ఆగకుండా ముద్రిస్తుంది. మీ టైపింగ్‌కు అడ్డు తగిలిన వెంటనే ఆ టెర్మినల్ చూడండి. 'న్యూ' అని, దాని వెంట అదే విండోకు 'ఫోకస్' అని ఉంటే అది కొత్త విండో. అక్కడే కనిపించే క్లాస్‌ను తీసుకుని, రెండు వైపులా క్యారెట్, డాలర్ గుర్తులు పెట్టి 'నో ఫోకస్' రాయండి. అన్ని విండోలకూ వర్తించేలా రాయవద్దు, ఎందుకంటే మీరు షార్ట్‌కట్‌తో తెరిచే టెర్మినల్‌కు కూడా ఫోకస్ రాదు. 'న్యూ' లేకుండా 'ఫోకస్' మాత్రమే ఉంటే అది పాత విండో చేసిన విన్నపం. మీరు పెట్టిన 'నన్' దాన్ని ఆపి ఉండాలి, ఆపలేదంటే ఆ విన్నపం పేజర్ తరఫున వచ్చినట్టు 2 అనే అంకెతో వచ్చి ఉండవచ్చు, కాబట్టి ఏ స్క్రిప్ట్ పంపుతోందో వెతకాలి. క్లాస్ ఖాళీగా కనిపిస్తే ఆ మూడు నాలుగు పంక్తులను ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ పెట్టండి, తరువాత ఏం రాయాలో వాటిని చూసి చెబుతాను. పరీక్షించేటప్పుడు మాత్రం ఆ వర్క్‌స్పేస్‌లో ముందే ఒక విండో తెరిచి ఉంచడం మరవవద్దు.